ఇంటి విలువ పెరిగింది, బడి బడ్జెట్ ఎందుకు పెరగలేదు?

(టెక్సస్ స్కూల్ డిస్ట్రిక్ట్ బడ్జెట్లు, ప్రాపర్టీ టాక్స్ గురించి డాలస్ ఉత్తర శివార్ల తెలుగువారి కోసం చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారమండీ. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో ఎక్కువమంది కాలిన్, డెంటన్, డాలస్ కౌంటీల్లో ఇల్లు కొనుక్కున్నవాళ్ళే అనుకుంటాను. కొనేముందు మనం మొట్టమొదట చూసేది స్కూళ్ళు. కొన్నాక ఏటా అక్టోబర్‌లో వచ్చే టాక్స్ బిల్లులో సగం దాకా, కొన్నిచోట్ల అంతకు మించి, ఆ స్కూల్ డిస్ట్రిక్ట్‌కే, అంటే మన ప్రాంతపు ప్రభుత్వ బడులను నడిపే స్థానిక సంస్థకే, పోతుంది. అయినా ఆ డిస్ట్రిక్ట్ బోర్డు పాస్ చేసే బడ్జెట్‌ని తెరిచి చూసేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే.

అందుకే ఒక లెక్క మనందరి మనసులో తప్పుగా నాటుకుపోయింది. "ఇంటి విలువ పెరిగింది, పన్ను పెరిగింది, కాబట్టి స్కూలుకి కుప్పలుగా డబ్బు వచ్చుంటుంది. మరి టీచర్ పోస్టులు ఎందుకు తీసేస్తున్నారు? ప్లేనో ఐఎస్‌డీ (ప్లేనో ఊరి స్కూల్ డిస్ట్రిక్ట్) 2024లో ఏకంగా నాలుగు బడులు మూసేయాలని ఎందుకు తీర్మానించింది?" ప్రశ్న న్యాయమైనదే. కాని దానికి పునాది అయిన ఆ "కాబట్టి" ఉంది చూశారూ, అది టెక్సస్‌లో చెల్లదు. ఎందుకు చెల్లదో ఈ పూట లెక్కలతో చూద్దాం.

మన ఊళ్ళో ఇంటి పన్ను పంచాయతీకో మున్సిపాలిటీకో కడతాం. ప్రభుత్వ బడిలో పంతులుగారి జీతం రాష్ట్ర ఖజానా నుంచి వస్తుంది. రెంటికీ నేరుగా సంబంధం లేదు. ఇక్కడ అలా కాదు. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. రాష్ట్ర ప్రభుత్వం ఆస్తి పన్ను వేయడాన్ని రాజ్యాంగమే నిషేధించింది. అందుకని బడుల భారం స్థానిక ఆస్తి పన్ను మీద పడింది. రాష్ట్రం మిగతాది సర్దుతుంది. ఆ సర్దుబాటు ఎలా జరుగుతుందన్నదే అసలు విషయం.

డిస్ట్రిక్ట్‌కి ఎంత డబ్బు రావాలో తేల్చేది మన ఇళ్ళ విలువ కాదు, రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌లో రాసుకున్న ఒక ఫార్ములా. దాని మొదటి అంకె పేరు బేసిక్ అలాట్‌మెంట్. 2019లో అది ఒక్కో విద్యార్థికి 6,160 డాలర్లు. 2025 దాకా అక్కడే ఆగింది. ఆ ఆరేళ్ళలో ధరలు 20 శాతానికి పైగా పెరిగాయి. 2025లో శాసనసభ హౌస్ బిల్ 2 ద్వారా దాన్ని 6,215 చేసింది. అంటే పెరిగింది 55 డాలర్లు. అదే చట్టంలో టీచర్లకు ప్రత్యేకంగా జీతాల పెంపు ఇచ్చారు. 5,000 మంది కంటే ఎక్కువ విద్యార్థులున్న డిస్ట్రిక్టుల్లో మూడు నాలుగేళ్ళ అనుభవం ఉన్న టీచర్‌కి 2,500, ఐదేళ్ళు, ఆ పైన ఉంటే 5,000 డాలర్లు. చిన్న డిస్ట్రిక్టుల్లో 4,000, 8,000. చాలా మంచి పని. కాని ఆ సొమ్ము నేరుగా ఆ టీచర్లకే చేరాలి. దాంతో కరెంటు బిల్లు కట్టడానికి లేదు, బస్సు డ్రైవర్‌ని పెట్టుకోవడానికి లేదు. కరెంటు, ఇన్సూరెన్సు, రవాణా లాంటి వాటికి ఒక్కో విద్యార్థికి 106 డాలర్లు విడిగా ఇచ్చారు. "ఆస్టిన్ బిలియన్లు ఇచ్చిందిగా, ఇంకా లోటేమిటి?" అని అడిగేవాళ్ళకు జవాబు ఇందులో ఉంది. వచ్చిన డబ్బులో చాలా భాగం మీద పేరు ముందే రాసిపెట్టి ఉంటుంది.

ఇక "ఒక్కో విద్యార్థికి" అన్న మాట. పేరు నమోదైన విద్యార్థి అని కాదు దాని అర్థం. హాజరైన విద్యార్థి. సగటు రోజువారీ హాజరు తీస్తారు. 60,000 మంది పిల్లలున్న డిస్ట్రిక్ట్‌లో హాజరు 95 శాతమైతే రాష్ట్రం లెక్కపెట్టేది 57,000 మందినే. టీచర్‌ని మాత్రం 60,000 మందికీ పెట్టాలి, బస్సులూ తరగతి గదులూ అంతమందికీ ఉండాలి. హాజరు ఒక్క శాతం పడిపోతే 600 మంది లెక్కలోంచి పోతారు. 600ని 6,215తో గుణించండి. 37 లక్షల 29 వేల డాలర్లు. ఇది మొదటి మెట్టు మాత్రమే, మిగతా భత్యాలు దీని మీద కట్టేవే.

ఇక్కడ మన ఇళ్ళకు సంబంధించిన మాట ఒకటి చెప్పాలి. డిసెంబర్ సెలవులకు ఇండియా వెళ్ళి, సంక్రాంతి చూసుకుని, జనవరి మూడో వారంలో తిరిగొచ్చే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. ఏడాదికి సుమారు 175 పనిదినాలు అనుకుంటే ఒక్క రోజు గైర్హాజరు విలువ 35 డాలర్ల పైచిలుకు. పిల్లవాడు బడి రోజులు 10 పోగొట్టుకుంటే 355 డాలర్లు. ఒక డిస్ట్రిక్ట్‌లో అలాంటి పిల్లలు 300 మంది ఉంటే లక్ష దాటుతుంది. తాతయ్యనీ అమ్మమ్మనీ చూడటానికి వెళ్ళొద్దని నేను అనను. టికెట్లు తీసుకునేటప్పుడు స్కూల్ క్యాలెండర్ కూడా పక్కన పెట్టుకోమంటాను. ఇంకొకటి, పిల్లవాడికి డెంటిస్ట్ అపాయింట్‌మెంట్ ఉంటే రోజంతా మాన్పించకండి. ముందో వెనకో అదే రోజు బడికి పంపి డాక్టర్ దగ్గర తెచ్చిన కాగితం ఇస్తే హాజరైనట్టే లెక్క.

చేరేటప్పుడు ఇచ్చే హోమ్ లాంగ్వేజ్ సర్వే సంగతి కూడా. ఇంట్లో తెలుగు మాట్లాడుతూ "ఇంగ్లీష్" అని రాసేవాళ్ళున్నారు, పిల్లవాడిని వెనక బెంచీలో వేస్తారేమోనన్న భయంతో. ఉన్నది ఉన్నట్టు రాయండి. పరీక్ష పెట్టి, అవసరమైతేనే ఇంగ్లీషు సాయం ఇస్తారు. అలా సాయం పొందే పిల్లలకు ఫార్ములాలో 0.1 అదనపు బరువు ఉంది. అంటే మరో 621 డాలర్లు. ఆ డబ్బు లేకపోయినా సాయం చేయాల్సిన బాధ్యత స్కూలు మీద ఉంటుంది.

సరే, ఫార్ములా ప్రకారం ఒక డిస్ట్రిక్ట్‌కి 420 మిలియన్ డాలర్లు రావాలని తేలిందనుకుందాం. లెక్కకోసం వేసుకున్న అంకెలివి. మన పన్నుల నుంచి 340 వచ్చింది, రాష్ట్రం 80 కలిపింది. మరుసటి ఏడు ఇళ్ళ విలువలు పెరిగి మన పన్నులు 350 అయ్యాయి. పిల్లల సంఖ్య మారలేదు. ఇప్పుడు డిస్ట్రిక్ట్‌కి ఎంత వస్తుంది? అదే 420. రాష్ట్రం ఇచ్చేది 70కి తగ్గుతుంది. మీరు అదనంగా కట్టిన 10 మిలియన్లు మీ బడిలో ఒక్క బల్ల కూడా కొనలేదు, రాష్ట్రానికి అంత ఖర్చు తప్పించాయి. విలువలు ఇంకా పెరిగి స్థానిక పన్ను 430 అయిందనుకోండి. అప్పుడు రాష్ట్రం ఇచ్చేది లేకపోగా, పై 10 మిలియన్లు డిస్ట్రిక్టే ఆస్టిన్‌కి కట్టాలి. దీనికి రీక్యాప్చర్ అని పేరు. జనం రాబిన్ హుడ్ అంటారు.

రీక్యాప్చర్ అనగానే మనవాళ్ళకు కోపం వస్తుంది. కాని అది ఎక్కడి నుంచి పుట్టిందో తెలిస్తే కోపం కొంచెం దారి మారుతుంది. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అని ఒక పేద డిస్ట్రిక్ట్ ఉంది. అక్కడి తల్లిదండ్రుల కేసు 1973లో అమెరికా సుప్రీంకోర్టులో ఓడిపోయింది. చదువు ఫెడరల్ రాజ్యాంగంలో మౌలిక హక్కు కాదని ఆ కోర్టు తేల్చింది. తరువాత అదే డిస్ట్రిక్ట్ రాష్ట్ర రాజ్యాంగం ఆధారంగా పోరాడి 1989లో టెక్సస్ సుప్రీంకోర్టులో గెలిచింది. విలువైన ఆస్తులున్న చోట తక్కువ రేటుతోనే బోలెడు డబ్బు, లేనిచోట ఎక్కువ రేటు వేసినా చాలీచాలని డబ్బు, ఇది చెల్లదన్నారు. దాన్ని సరిచేయడానికి 1993లో సెనేట్ బిల్ 7తో రీక్యాప్చర్ వచ్చింది. పేద పిల్లలకు డబ్బు చేరాలన్న ఆ ఆశయాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. నా అభ్యంతరం వేరే చోట. రీక్యాప్చర్ సొమ్ము పెరిగిన కొద్దీ రాష్ట్రం తన ఖజానా నుంచి బడులకు పెట్టాల్సింది తగ్గుతుంది. పేద డిస్ట్రిక్ట్ వాటా దానంతటది పెరగదు. పెరగాలంటే బేసిక్ అలాట్‌మెంట్ పెరగాలి. అది పెంచగలిగేది శాసనసభ. రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు కూర్చునే శాసనసభ.

ఇప్పుడు రేటు దగ్గరకు వద్దాం. బిల్లులో స్కూల్ రేటు ఒకటే అంకెగా కనబడుతుంది. లోపల రెండు ముక్కలుంటాయి. ఒకటి ఎం అండ్ ఓ, అంటే మెయింటెనెన్స్ అండ్ ఆపరేషన్స్. జీతాలు, కరెంటు, బస్సులు, పుస్తకాలు దీంట్లోంచే. రెండోది ఐ అండ్ ఎస్, ఇంట్రెస్ట్ అండ్ సింకింగ్. బిల్డింగులు కట్టడం లాంటి వాటికి వోటర్లు ఒప్పుకున్న బాండ్ల, అంటే అప్పుల, అసలు, వడ్డీ తీర్చడానికే ఇది. ఈ రెండో దాంట్లోంచి ఒక్క డాలర్ కూడా టీచర్ జీతానికి వాడకూడదు. "ఇంత పెద్ద బిల్డింగ్ కట్టారు కదా, టీచర్‌కి ఇవ్వడానికి డబ్బు లేదా?" అని అడిగినప్పుడు జవాబు ఇదే. ఆ రెండు డబ్బులూ ఒకదానిలోకి ఒకటి పారవు. ఇంకో తేడా, ఐ అండ్ ఎస్ మీద రీక్యాప్చర్ లేదు.

ఎం అండ్ ఓలో మళ్ళీ రెండు పొరలు. అడుగు పొర రేటుని రాష్ట్రమే నిర్ణయిస్తుంది. 2019 నాటి హౌస్ బిల్ 3 ప్రకారం, డిస్ట్రిక్ట్‌లో విలువలు ఏడాదిలో 2.5 శాతం కంటే ఎక్కువ పెరిగితే ఆ రేటు తగ్గి తీరాలి. 2023లో శాసనసభ అదనంగా, వంద డాలర్ల ఆస్తి విలువకు 10.7 సెంట్లు తగ్గించింది. దాని పైన 17 సెంట్ల దాకా డిస్ట్రిక్ట్ తన ఇష్టంతో వేసుకోవచ్చు. వాటిలో మొదటి 8 సెంట్లను గోల్డెన్ పెన్నీలంటారు, మిగతా 9 కాపర్ పెన్నీలు. బంగారం అన్న పేరు ఊరికే రాలేదు. వాటి మీద రీక్యాప్చర్ లేదు, మనం కట్టింది మొత్తం మన బడుల్లోనే ఉంటుంది. కాపర్ పెన్నీల మీద రీక్యాప్చర్ పడుతుంది. గోల్డెన్‌లో 5 సెంట్లు బోర్డు తనంతట తాను వేయవచ్చు. ఆ పైన మిగతా 3 గోల్డెన్ కావాలన్నా, కాపర్ కావాలన్నా సాధారణంగా వోటర్లను అడగాలి. దాన్ని వాట్రీ అని పిలుస్తున్నారు, వోటర్ అప్రూవల్ టాక్స్ రేట్ ఎలక్షన్.

ఒక ఇంటి లెక్క వేద్దాం. మార్కెట్ విలువ 6 లక్షల డాలర్లు. మీరే ఉంటున్న ఇల్లు కనుక స్కూల్ పన్నులో హోమ్‌స్టెడ్ మినహాయింపు 1,40,000. 2023లో ఇది లక్షకు పెరిగింది, 2025 నవంబర్‌లో వోటర్లు 1,40,000 చేశారు. మిగిలింది 4,60,000. పన్ను రేటు వంద డాలర్ల విలువకు ఎం అండ్ ఓ 0.67, ఐ అండ్ ఎస్ 0.30 అనుకుందాం. ఇవీ ఉదాహరణకే, మీ డిస్ట్రిక్ట్ అంకెలు వేసుకోండి. ఎం అండ్ ఓ 3,082, ఐ అండ్ ఎస్ 1,380, మొత్తం 4,462 డాలర్లు. హోమ్‌స్టెడ్ దరఖాస్తు పెట్టకపోతే అదే ఇంటికి 5,820. ఒక్క ఫారం మర్చిపోయినందుకు 1,358 డాలర్లు.

మినహాయింపు పెంచితే బడికి నష్టం కదా అని ఒకరు ఇందాక బయట అడిగారు. ఆ లోటుని రాష్ట్రం భర్తీ చేస్తుంది. కాబట్టి మొహమాటపడకుండా తీసుకోండి. దరఖాస్తు, ఇళ్ళకు విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్ట్‌కి ఉచితంగా పెట్టుకోవచ్చు. డబ్బులిస్తే మేం చేసిపెడతామని ఉత్తరాలు వస్తుంటాయి, వాటికి రూపాయి ఇవ్వకండి. డ్రైవింగ్ లైసెన్స్ మీద చిరునామా ఆ ఇంటిదే అయ్యుండాలి. లేకపోతే దరఖాస్తు తిరిగొస్తుంది. పౌరసత్వం అడగరు, హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు కూడా అర్హులే. ఆలస్యమైతే, ఆ పన్ను గడువు దాటిన రెండేళ్ళ లోపు కూడా పెట్టుకోవచ్చు. 65 ఏళ్ళు దాటిన యజమానికి ఇంకో 60,000 మినహాయింపు, దాంతోపాటు స్కూల్ పన్ను మొత్తానికి ఒక పైకప్పు వస్తుంది. ఆ ఇంట్లో అదనంగా గదులవీ కట్టుకుంటే తప్ప ఆ పైకప్పు పెరగదు. ఇండియా నుంచి వచ్చి మనతో ఉంటున్న అమ్మానాన్నలకు 65 దాటాయి కదా అంటారు కొందరు. ఇల్లు వాళ్ళ పేరు మీద లేకపోతే అది వర్తించదు.

పది శాతం క్యాప్ ఇంకో తికమక. పోయినేడు 5 లక్షలున్న ఇంటి మార్కెట్ విలువ 6 లక్షలైనా, హోమ్‌స్టెడ్ ఉంటే పన్ను వేసే విలువ 5,50,000 దాటకూడదు. మరుసటి ఏడు విలువలు పడిపోయినా మీ పన్ను విలువ పెరుగుతూనే ఉండొచ్చు, ఎందుకంటే అది వెనకబడిన దూరాన్ని ఏడాదికి పదేసి శాతం చొప్పున అందుకుంటుంటుంది. కొత్తగా కొన్న ఇంటికి ఈ క్యాప్ మొదటి ఏడాదే రాదు, హోమ్‌స్టెడ్ వచ్చిన మరుసటి జనవరి 1 నుంచి మొదలవుతుంది. పాత యజమాని బిల్లు చూసి నెల కిస్తు అంచనా వేసుకున్నవాళ్ళు దెబ్బతినేది ఇక్కడే. అద్దెకిచ్చిన ఇళ్ళకు ఈ క్యాప్ లేదు. సుమారు 5 మిలియన్ డాలర్ల లోపు ఆస్తులకు 2024 నుంచి 2026 దాకా తాత్కాలికంగా 20 శాతం క్యాప్ పెట్టారు.

విలువ మీద అభ్యంతరం ఉంటే మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, రెంటిలో ఏది తరువాత వస్తే అప్పటిలోగా ప్రొటెస్ట్ వేయాలి. అది అప్రైజల్ డిస్ట్రిక్ట్‌తో వ్యవహారం, స్కూల్ బోర్డుకి విలువతో ప్రమేయం లేదు. మీరు గెలిస్తే బడికి ద్రోహం చేసినట్టేమీ కాదు, ఫార్ములా సర్దేస్తుంది. ఊరు ఊరంతా విలువలు మార్కెట్ కంటే బాగా తక్కువగా ఉంటే మాత్రం కంప్ట్రోలర్ (రాష్ట్ర ఆర్థిక అధికారి) ఆఫీసు చేసే విలువల అధ్యయనంలో దొరుకుతుంది. అప్పుడు రాష్ట్రం తన విలువలతో లెక్క కట్టి, రాని పన్ను వచ్చినట్టుగా కోత వేస్తుంది. దానికి గ్రేస్ పీరియడ్ ఉంది గానీ, అది ఉన్నన్నాళ్ళే.

బడ్జెట్ పుస్తకం తెరిస్తే కంగారు పుట్టేది కోడ్ల వల్ల. నాలుగైదు తెలిస్తే చాలు. చట్టప్రకారం బోర్డు పాస్ చేయాల్సినవి మూడు ఖాతాలు: జనరల్ ఫండ్, భోజనాల ఫండ్, అప్పు తీర్చే ఫండ్. జనరల్ ఫండ్‌లో ఫంక్షన్ 11 అంటే తరగతి గది బోధన. 34 బస్సులు. 41 సెంట్రల్ ఆఫీసు నిర్వహణ. 51 భవనాల నిర్వహణ, కరెంటు. 52 భద్రత. ఫంక్షన్ 91 దగ్గర ఆగండి, రీక్యాప్చర్ కనబడేది అక్కడే. మొత్తం ఖర్చులో దాన్ని తీసేసి చూస్తేనే మీ పిల్లల మీద పెట్టేది ఎంతో తెలుస్తుంది. ఖర్చు రకాల వైపు 6100 అంటే జీతభత్యాలు, సాధారణంగా మొత్తంలో ఐదింట నాలుగు వంతులు ఉంటాయి. కాబట్టి సెంట్రల్ ఆఫీసులో కాగితాలు, కాఫీలు తగ్గిస్తే లోటు పూడుతుందన్నది జరిగే పని కాదు. కోత అంటే చివరికి మనుషుల మీదే పడుతుంది. తరగతిలో 22 మంది పిల్లలు 26 అవుతారు, లైబ్రేరియన్ రెండు బడులకు ఒకరవుతారు. ఆదాయం వైపు, టీచర్ల పెన్షన్‌కి రాష్ట్రం కట్టే వాటా రాబడిగానూ ఖర్చుగానూ రెండు చోట్లా రాస్తారు. డిస్ట్రిక్ట్ చేతికి రాని డబ్బది. అది పెరిగి "రాష్ట్ర నిధులు పెరిగాయి" అన్నట్టు కనబడితే మోసపోకండి.

ఫండ్ బ్యాలెన్స్, అంటే నిలవ ఉంచుకున్న సొమ్ము గురించి ప్రతి ఏడూ గొడవే. "వంద మిలియన్లు దాచుకుని మళ్ళీ పన్నులడుగుతారా?" అంటారు. జూలై 1న ఆర్థిక సంవత్సరం మొదలయ్యే డిస్ట్రిక్ట్‌ని తీసుకోండి. పన్నుల డబ్బు వచ్చేది ఎక్కువగా డిసెంబర్, జనవరిలో. జూలై నుంచి నవంబర్ దాకా జీతాలు ఎక్కడివి? రెండున్నర మూడు నెలల ఖర్చు నిలవ ఉండాలి. లేకపోతే అప్పు తెచ్చి జీతాలివ్వాలి. దానికి రెండింతలు నిలవ ఉంటే మాత్రం గట్టిగా అడగండి, జవాబు చెప్పించుకోండి.

బడ్జెట్ ఎక్కడ తప్పుతుంది? మొదటిది పిల్లల సంఖ్య అంచనా. పదేళ్ళు పెరిగిన ఊళ్ళో అలవాటు కొద్దీ పెరుగుదలే రాస్తారు. ఇళ్ళు ఖరీదై చిన్న పిల్లలున్న కుటుంబాలు దూరంగా వెళ్తుంటే, కిండర్‌గార్టెన్ తరగతి ముందుగా చిక్కిపోతుంది. పన్నెండో తరగతిలో 5,000 మంది బయటికి వెళ్తూ కిండర్‌లో 3,800 మంది చేరుతుంటే, రాబోయే పదేళ్ళ కథ ఆ రెండు అంకెల్లోనే ఉంది. రెండోది, కొవిడ్ కాలపు ఫెడరల్ సాయంతో శాశ్వత ఉద్యోగాలు పెట్టుకోవడం. ఆ డబ్బు ఒప్పందాలు చేసుకునే గడువు 2024 సెప్టెంబర్ 30తో ముగిసింది, ఉద్యోగాలు జనరల్ ఫండ్ మీద పడ్డాయి. మూడోది స్పెషల్ ఎడ్యుకేషన్. పిల్లవాడికి కావలసిన సేవ ఇచ్చి తీరాలి, వచ్చే నిధులు దానికి చాలవు, తేడా జనరల్ ఫండే భరిస్తుంది. అందుకు ఆ తల్లిదండ్రులను తప్పుబట్టడం నేను ఎన్నటికీ ఒప్పుకోను. ఇక వడగళ్ళు. మన ప్రాంతంలో వడగళ్ళ వాన తరువాత బడుల ఆస్తి ఇన్సూరెన్స్ ఎలా ఎగబాకుతుందో మీ ఇంటి పాలసీ చూసుకుంటే అర్థమవుతుంది.

తేదీలు రాసుకోండి. ఏప్రిల్ చివరికి అప్రైజల్ డిస్ట్రిక్ట్ విలువల అంచనా స్కూళ్ళకు పంపుతుంది. జూలై 1 నుంచి ఏడాది మొదలయ్యే డిస్ట్రిక్ట్ జూన్ 30 లోపు బడ్జెట్ పాస్ చేయాలి, సెప్టెంబర్ 1 నుంచి మొదలయ్యేది ఆగస్టు 31 లోపు. ధ్రువీకరించిన విలువలు జూలై 25కి వస్తాయి. అందుకే చాలాచోట్ల బడ్జెట్ జూన్‌లో, పన్ను రేటు ఆగస్టు, సెప్టెంబర్‌లలో తేలుతుంది. ఆగస్టులో వెళ్ళి ఖర్చు గురించి అరిచేవాళ్ళకు అప్పటికే ఆలస్యమై ఉంటుంది. ఖర్చు గురించి మాట్లాడాలంటే ఫిబ్రవరి నుంచి మే దాకా జరిగే వర్క్‌షాప్‌లకు వెళ్ళాలి. బహిరంగ విచారణకు 10 నుంచి 30 రోజుల ముందు పత్రికలో నోటీసు వేయాలి. పోయినేడాది రేటు, ఈ యేడు రేటు, సగటు ఇంటి మీద పన్ను, అప్పు, నిలవ అన్నీ దాంట్లో ఉంటాయి. 2025 సెప్టెంబర్ నుంచి ఇంకో మంచి నియమం వచ్చింది. బడ్జెట్ చర్చించే సమావేశపు నోటీసులో మధ్యస్థ విలువ ఉన్న ఇంటి మీద పన్ను ప్రభావం ఎంతో కూడా చూపాలి.

బోర్డు రేటు పెట్టేటప్పుడు "ఈ రేటు వల్ల పన్ను ఇంత శాతం పెరిగినట్టవుతుంది" అని చదువుతారు. రేటు అంకె పోయినేటిదే, ఇదేమిటని జనం తెల్లబోతారు. చట్టం పోల్చమన్నది పోయినేటి రేటుతో కాదు, నో న్యూ రెవెన్యూ రేటుతో. అంటే పాత ఆస్తుల మీద పోయినేటి అంతే డబ్బు రాబట్టే రేటుతో. దానికి మించి వేయాలంటే బోర్డులో 60 శాతం ఒప్పుకోవాలి. ఏడుగురి బోర్డులో ఐదుగురు.

ఎన్నికల సంగతి. వాట్రీ నవంబర్‌లో జరుగుతుంది, ముందు ఎఫిషియెన్సీ ఆడిట్ (డబ్బు ఎంత సమర్థంగా వాడుతున్నారో చూసే తనిఖీ) చేయించి, ఎన్నికకు 30 రోజుల ముందు వెబ్‌సైట్‌లో పెట్టాలి. దాన్ని చదవండి. 3 గోల్డెన్ సెంట్లు అడిగితే ఇందాకటి ఇంటి మీద ఏడాదికి 138 డాలర్లు. 50 బిలియన్ డాలర్ల పన్ను విలువ ఉన్న డిస్ట్రిక్ట్‌కి 15 మిలియన్లు, మొత్తం ఇక్కడే ఉంటాయి. విలువలు పెరిగి మనం కట్టే అదనపు పన్ను బడికి చేరదు, ఈ మూడు సెంట్లు చేరతాయి. ఫ్రిస్కో వోటర్లు 2016లో రేటు పెంపు కాదన్నారు, 2018లో ఔనన్నారు, 2024లో మళ్ళీ కాదన్నారు. ఎటు వేసినా తప్పనను. ఏ పెన్నీకి వేస్తున్నామో తెలిసి వేయాలి. బాండ్ల బ్యాలెట్ మీద "ఇది ప్రాపర్టీ టాక్స్ పెంపు" అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. రేటు అదేగా ఉండబోతున్నా సరే, 2019 చట్టం ప్రకారం ఆ వాక్యం రాసి తీరాలి. స్టేడియం, ల్యాప్‌టాప్‌ల లాంటివి విడివిడి ప్రతిపాదనలుగా వేయాలి కనుకే ఏ, బీ, సీ, డీ అని అన్ని కనబడతాయి. కొన్ని డిస్ట్రిక్టులు ఐ అండ్ ఎస్ తగ్గించి అంతమేర ఎం అండ్ ఓ పెంచుతాయి, మొత్తం రేటు మారదు. చట్టబద్ధమే, చాలాసార్లు తెలివైన పని కూడా. అయితే అప్పు తీరే వేగం తగ్గుతుందా అని తప్పకుండా అడగండి.

ప్రశ్నలు అడగండి. వెనక వరసలో బాబుగారు.

ఎస్క్రో గురించా? పన్ను జనవరి 31 లోపు కట్టాలి. ఎస్క్రో, అంటే నెల కిస్తుతో పాటే పన్ను సొమ్ము కూడా బ్యాంకు దగ్గర జమ చేసే ఏర్పాటు, ఉంటే బ్యాంకు కడుతుంది, కాని కట్టిందో లేదో కౌంటీ వెబ్‌సైట్‌లో మీరే చూసుకోండి, ముఖ్యంగా ఆ యేడు లోన్ చేతులు మారితే. ఫిబ్రవరి 1 దాటితే 7 శాతం పడుతుంది, జూలై 1కి 18 శాతం, పైన లాయర్ ఖర్చు 20 శాతం దాకా. కొత్త ఇంటికి మొదటి ఏడు ఖాళీ స్థలం విలువ మీద ఎస్క్రో లెక్కకట్టి ఉంటారు. రెండో ఏడు ఇల్లు కూడా కలిసేసరికి నెలకు నాలుగైదు వందలు పెరగడం అందుకే.

అవునమ్మా, గ్రీన్ కార్డ్, హెచ్1బీ వాళ్ళు వోటు వేయలేరు. బడ్జెట్ విచారణలో మాత్రం డిస్ట్రిక్ట్‌లో పన్ను కట్టే ఎవరైనా పాల్గొనవచ్చని చట్టంలోనే ఉంది. ముందుగా పేరు రాయించుకోవాలి, ఆ గడువు ఒక్కో బోర్డుకి ఒక్కోలా ఉంటుంది, అజెండా పైనే చూడండి. ఎక్కువచోట్ల మూడు నిమిషాలిస్తారు. ఒక్క ప్రశ్నే పట్టుకోండి. వచ్చే ఏటి హాజరు ఎంత శాతమని అంచనా వేశారు, పోయినేడు నిజంగా ఎంత వచ్చింది, ఈ రెండూ అడిగినా చాలు.

పెద్దాయన అడుగుతున్నారు, ఇంగ్లీషు రాదు, నేను మాట్లాడొచ్చా అని. తప్పకుండా మాట్లాడండి మాస్టారూ. మీరు తెలుగులోనే మాట్లాడండి, మీ అబ్బాయో మనవరాలో పక్కన నిలబడి ఇంగ్లీషులో చెబుతారు. అనువాదకుడి ద్వారా మాట్లాడేవాళ్ళకు మిగతావాళ్ళకు ఇచ్చే సమయానికి కనీసం రెట్టింపు ఇవ్వాలని టెక్సస్ ఓపెన్ మీటింగ్స్ చట్టం చెబుతోంది. వాళ్ళకు మూడు నిమిషాలైతే మీకు ఆరు. పేరు రాయించేటప్పుడే అనువాదంతో మాట్లాడతానని చెప్పండి, అప్పుడు మూడు నిమిషాలకే గంట మోగదు.